రెండువందల నాలుగులో బోర్డు

శనివారం ఉదయం ఆరున్నరకు మూర్తి ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాడు. రిఫైనరీలో మరమ్మతుల ప్లానింగ్ చూసే మనిషి కావడంతో, ఇంట్లో ఏ పని తలపెట్టినా దానికి వరస నంబర్లు, సమయాలు, బాధ్యుల పేర్లు రాస్తేగాని ఆయనకు తోచదు. ఆ కాగితం ప్రకారం నాలుగున్నరకు చీజులు ఫ్రిజ్‌లోంచి బయటికి రావాలి. ఐదుంపావుకు మాంసం ముక్కలు పేర్చాలి. ఐదున్నరకు ఎర్ర వైను సీసా బిరడా తీసి గాలి తగలనివ్వాలి. ఆరింటికి లూక్ గారు తలుపు తట్టాలి. కామాక్షి కాఫీ తాగుతూ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. బాధ్యుల వరసలో పదకొండు చోట్ల తన పేరే ఉంది.

లూక్ మూర్తి సెక్షనుకు కొత్త ముదీర్, అంటే మేనేజరు. ఫ్రాన్సు నుంచి గల్ఫులోని ఈ రువైస్‌కు వచ్చి రెండు నెలలైంది. ఆ సోమవారం క్యాంటీన్‌లో అన్నం తింటూ, తమ ఊళ్ళో శనివారం సాయంత్రం ప్రతి ఇంట్లో ఒక చెక్క పలక మీద ఎండు మాంసం, నాలుగైదు రకాల చీజులు, రొట్టె, పళ్ళు పేర్చి వైనుతో తింటారనీ, ఈ ఎడారిలోకి వచ్చాక తనకు అది లేక శనివారం శనివారంలాగే లేదనీ అన్నాడు. పక్కన పెరుగన్నం కలుపుకుంటున్న మూర్తి, "మా ఇంటికి రండి సార్, మా ఆవిడ బ్రహ్మాండంగా చేస్తుంది" అనేశాడు. అన్న తర్వాత ఆ మాట అన్నది తనేనా అని ఆయనకే అనుమానం వచ్చింది.

అనడానికి కారణం లేకపోలేదు. డిసెంబరుతో మూర్తి కాంట్రాక్టు ముగుస్తుంది. సెక్షనులో ప్లానర్లు ఇద్దరు, జనవరి నుంచి ఉండబోయే పోస్టు ఒక్కటి. ఆ ఒక్కరెవరో తేల్చేది లూక్. మూర్తి ఉద్యోగం పోతే వీసా పోతుంది, క్వార్టర్ పోతుంది, పన్నెండో తరగతి చదువుతున్న కూతురు తన్మయి పబ్లిక్ పరీక్షలకు రెండు నెలల ముందు పెట్టె సర్దుకుని విజయవాడ వెళ్ళాల్సి వస్తుంది.

లూక్ చెప్పిన దాని పేరు షార్కుట్రీ బోర్డు. మరిచిపోతానేమోనని మూర్తి అరచేతి మీద రాసుకుని ఇంటికి తెచ్చాడు.

"చారూ కూరా? దానికి ఇంత హడావిడెందుకండీ, అరగంటలో చేస్తాను" అంది కామాక్షి.

తన్మయి ఫోన్‌లో వీడియో పెట్టి చూపించింది. ఆ పలక మీద గులాబీ రేకుల్లా మడిచినవి పువ్వులు కావని తెలిశాక కామాక్షి కుర్చీలో కూలబడింది. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక కోడిగుడ్డు కూడా చేత్తో ముట్టుకోలేదు. ఆ రాత్రంతా ఆలోచించి, కూతురి మొహం చూసి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. మాంసం ఇంట్లోకి రావచ్చు. అది టర్కీ కోడి దాటకూడదు. దాని పొట్లం విప్పేది, పేర్చేది పనిమనిషి అచ్చాయమ్మ. అది జరుగుతున్నంత సేపూ తను వంటింటి గడప తొక్కదు.

గురువారం మూర్తి రెండువందల నలభై కిలోమీటర్లు కారు నడుపుకుంటూ అబుదాబి వెళ్ళి, ఐసు డబ్బా నిండా సరుకుతో తిరిగొచ్చాడు. నాలుగు రకాల చీజు, టర్కీ మాంసం మూడు పొట్లాలు, చేతి పొడవున్న గట్టి రొట్టెలు, నల్ల ద్రాక్ష, ఖర్జూరాలు, బాదం పప్పులు, ఒక ఎర్ర వైను, ఒక తెల్ల వైను. మెత్తటి చీజుకు తెల్లది, గట్టి చీజుకు ఎర్రది అని తన్మయి చదివి చెబితే కాగితంలో ఎక్కించుకున్నాడు. తను జన్మలో వైను తాగలేదు కాబట్టి, గ్లాసులో నీళ్ళు పోసుకుని గిర్రున తిప్పి వాసన చూడడం అభ్యాసం చేశాడు. మూడు రోజులు ఆ ఫ్రెంచి మాట పలకబోయి నాలుక మడతపడడంతో, ఇంట్లో ముగ్గురూ మొదటి ముక్క వదిలేసి ఉత్త "బోర్డు" అనడం మొదలుపెట్టారు. ముప్పు అంతా అక్కడే మొదలైందని కామాక్షి తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆ శనివారం ఉదయం తొమ్మిదింటికి ప్లాంటులో ఏదో పంపు ఆగిపోయిందని ఫోన్ వస్తే మూర్తి హెల్మెట్ పట్టుకుని పరిగెత్తాడు. కామాక్షి పైఅంతస్తుకు వెళ్ళి మంగాదేవి తలుపు తట్టింది. కరీంనగర్ పిల్ల, ఆవిడ భర్త శశాంక్ కంపెనీ హౌసింగ్ విభాగంలో పనిచేస్తాడు.

"మంగా, ఓ ఆరు చిన్న పింగాణీ ప్లేట్లు ఇస్తావా? సాయంత్రం మా ఇంట్లో బోర్డు ఉంది. ముదీర్ వస్తున్నాడు."

మంగాదేవి నోరు తెరిచి మూయడం మరిచిపోయింది. "బోర్డా? మీ ఇంటికా అక్కా?"

"అవును, ఆరింటికి."

"మొత్తం బోర్డే?"

"పెద్దదేం కాదులే. నలుగురికి సరిపోయేంత. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు, బాబూ. ఈయన ఉద్యోగం దీని మీదే ఆధారపడి ఉంది."

"నేనెవ్వరికి చెప్త అక్కా!" అని మంగాదేవి ఆరు ప్లేట్లతో పాటు తన కొత్త టేబుల్ గుడ్డ కూడా ఇచ్చి పంపింది. తలుపు వేసుకోగానే భర్తకు ఫోన్ చేసింది.

ఆవిడ పొరపాటు పడడంలో వింత లేదు. కంపెనీ డైరెక్టర్ల బోర్డు ఆ వారం రువైస్ వచ్చి ఉంది. బోర్డు సభ్యులు ఉద్యోగుల క్వార్టర్లు చూస్తారని బుధవారమే హౌసింగ్ విభాగానికి కబురొచ్చింది గాని, ఏ బిల్డింగో ఏ ఇల్లో ఎవరూ చెప్పలేదు. శశాంక్‌కు మూడు రోజులుగా నిద్ర లేదు. ఇప్పుడు భార్య నోట ఇంటి నంబరుతో సహా తెలిసింది: రెండువందల నాలుగు, ఆరింటికి, నలుగురు సభ్యులు.

కామాక్షి కిందికి దిగి వచ్చేసరికి అచ్చాయమ్మ హాలు ఊడుస్తోంది. రాజోలు వైపు మనిషి. కాలనీలో మూడిళ్ళలో పనిచేస్తుంది. శనివారం సాయంత్రాలు కంపెనీ బస్సు డ్రైవరు ప్రసన్నకుమార్ గదిలో జరిగే ప్రార్థనకు మాత్రం ఎవరు ఏమన్నా మానదు. అందుకే కామాక్షి కాస్త బతిమాలే గొంతుతో మొదలుపెట్టింది.

"అచ్చాయమ్మా, ఇవాళ సాయంత్రం దాకా ఉండాలే. ఓ పెద్దాయన వస్తున్నాడు."

"ఎవరండీ?"

"లూక్ అని. ఫ్రాన్సు నుంచి వచ్చాడు."

చీపురు ఆగిపోయింది. "లూకాగారా అండీ! అంత దూరం నించి మన రువైసుకే వచ్చారాండీ?"

"ఊఁ. ఒక బల్ల మీద రొట్టెముక్కలూ ద్రాక్షపళ్ళూ అవీ పేర్చి, పక్కన వైను పెట్టాలి. వైనంటే తెలుసుగా, ద్రాక్షరసం."

"తెలవకపోవడమేంటండి. బల్లాండీ! మీ ఇంట్లోనా అండీ?"

"ఏం, మా ఇంట్లో పెట్టకూడదా?"

"అయ్యయ్యో, అంత మాటన్నానాండీ! ఎవరింట్లోనైనా పెట్టుకోవచ్చండి." అచ్చాయమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "మీకు ఈ మనసు పుడతాదని కల్లో కూడా అనుకోలేదండి."

మాంసం గురించి అంటోందనుకుని కామాక్షి నిట్టూర్చింది. "మనసు పుట్టి కాదులే, కష్టం వచ్చి. డిసెంబరుతో అయ్యగారి ఉద్యోగం అయిపోతుంది. ఆయన దయ తలిస్తేనే ఉంటుంది."

"కష్టంలోనే అండి, ఆయన తలుపు తట్టేది."

"ఆరింటికి తడతాడు" అంది కామాక్షి. "ఎవరికీ చెప్పకు."

"ఆయ్" అంది అచ్చాయమ్మ.

అచ్చాయమ్మ వెళ్ళే ప్రార్థనలో, రొట్టె విరిచి ద్రాక్షరసంతో పంచుకునే ఆరాధనను బల్ల అంటారు. లూకా అన్న పేరు విని, వచ్చేది ఎవరో పెద్ద బోధకుడనుకుంది ఆవిడ. కామాక్షికి ఈ సంగతులేవీ తెలియవు. వంటింట్లోకి తీసుకెళ్ళి పొట్లాలు, చీజులు, సీసాలు, అద్దెకు తెచ్చినంత జాగ్రత్తగా చుట్టిపెట్టిన కొత్త చెక్క పలక అన్నీ చూపించి, "నీకు నచ్చినట్టు పొందిగ్గా పేర్చు. మాంసం పని పూర్తయ్యేదాకా నేనీ గది మొహం చూడను" అని బయటికొచ్చేసింది. మంచి కబురు దాచుకోవడం అచ్చాయమ్మకు ఎవరూ నేర్పలేదు. అయిదు నిమిషాల్లో ప్రసన్నకుమార్‌కు ఫోన్ వెళ్ళింది.

పదకొండింటికి తలుపు గంట మోగింది. బయట మరమ్మతుల ఫోర్‌మన్ ఖాజా, అతని వెనక నిచ్చెనలతో, డబ్బాలతో ఏడుగురు.

"మేడం, ఏసీ నీళ్ళు కారుతుందని కంప్లైంట్ ఇచ్చినారు గదా?"

"ఇచ్చి నాలుగు నెలలైంది, ఖాజా."

"ఇవాళ ఖలాస్ చేయమన్నారు మేడం. పైనుంచి ఆర్డర్. గోడలకు రంగు కూడా."

"రంగు ఎవరడిగారు?"

"అడక్కపోయినా వేయమన్నారు మేడం. యల్లా!" అనగానే ఏడుగురూ లోపలికి వచ్చేశారు.

సాయంత్రం అతిథి వస్తున్నాడని కామాక్షి చెప్పబోతే, "అందుకే గదా మేడం" అన్నాడు ఖాజా. మూర్తి ప్లాంటు నుంచే ఎవరికో చెప్పి ఈ ఏర్పాటు చేయించి ఉంటాడని ఆవిడ అనుకుంది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో మొదటిసారి భర్త పలుకుబడి మీద ఆవిడకు గౌరవం కలిగింది. ఏసీ విప్పితే లోపలి దుమ్మంతా హాల్లో పడింది. ఏసీ ఆగిన అరగంటకే ఇల్లు కొలిమిలా తయారైంది; పేరుకు అక్టోబరేగాని రువైస్‌లో ఎండ ఇంకా తగ్గలేదు. తల్లీ కూతుళ్ళు పడకగదిలో తలుపు వేసుకుని కూర్చున్నారు. వంటింట్లోంచి చపాతీ కర్ర చప్పుడు వినిపిస్తే, పనివాళ్ళకు అచ్చాయమ్మ ఏదో చేసి పెడుతోంది కాబోలు, మంచి మనిషి, అనుకుంది కామాక్షి. కాసేపటికి ఏదో తియ్యగా ఉడుకుతున్న వాసన కూడా వచ్చింది.

ఐదుంపావుకు ఖాజా బృందం సామాను సర్దుకుంది. ఏసీ చల్లగా, చప్పుడు లేకుండా నడుస్తోంది. గోడలు మెరుస్తున్నాయి. వెళుతూ ఖాజా గుండె మీద చెయ్యి వేసుకుని, "మేడం, భోజనం బహుత్ అచ్ఛా. అలాంటి టర్కీ మేం ఎప్పుడూ తినలేదు" అన్నాడు.

కామాక్షి పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఆ మాట విన్నది. అర్థం కావడానికి నాలుగు క్షణాలు పట్టింది. తన మాట తనే మరిచి వంటింట్లోకి వెళ్ళింది.

చెక్క పలక మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. గుడ్డ మధ్యలో సన్నగా కత్తిరించిన చపాతీ ముక్కలు. రెండు వైపులా ద్రాక్ష గుత్తులు, ఖర్జూరాలు, బాదం పప్పులు. ఒక మూల గట్టి చీజు ముక్కలు. పక్కనే రెండు వైను సీసాలు నిండా ఉన్నాయి గాని, రెండింటిలోనూ ఉన్నది ఒకే రంగు.

"అచ్చాయమ్మా," అంది కామాక్షి నెమ్మదిగా, "మాంసం ఏదీ?"

"బల్ల మీద మాంసమేంటండి బాబూ! ఆ ఏసీ వాళ్ళు పొద్దున్నించి తిండి లేకుండా చేస్తన్నారు గదాండీ. చపాతీల్లో చుట్టి పెట్టేశానండి. పొట్లం మీద హలాల్ అని రాసుందో లేదో చదివించుకునే తిన్నారండి."

"రొట్టెలు?"

"అవి పొంగిన రొట్టెలండి. పులిసిన పిండి బల్లకి పనికి రాదండి. అందుకే నేనే నీళ్ళతో కలిపి చపాతీలు కాల్చానండి."

"చీజులు నాలుగు ఉండాలి."

"ఒకటే బావుందండి. ఒకటి బూజు పట్టి నీలంగా అయిపోయిందండి. ఇంకోటి కంపు కొడతందండి. మూడోది కారిపోయిందండి. మూడూ చెత్తబుట్టలో వేశానండి. ఆ షాపోడు అయ్యగార్ని బాగా మోసం చేశాడండి."

కామాక్షికి సీసాల గురించి అడగడానికి ధైర్యం చాలలేదు. అచ్చాయమ్మే చెప్పింది. "ద్రాక్షరసం కూడా అంతేనండి. రెండు సీసాలూ మూత తీసి వాసన చూస్తే పులిసిపోయుందండి. సింకులో పారబోసి, నల్ల ద్రాక్ష రెండు కిలోలు ఉడకేసి, పంచదారేసి, వడగట్టి పోశానండి. మా దాంట్లో ఇట్టాగే కాస్తారండి. తియ్యగా ఉంటదండి, చూడండి."

"మీ దాంట్లో అంటే?"

"ప్రార్థనలో అండి. బల్ల పెడితే ఇట్టాగే గదాండీ."

కామాక్షి స్టూలు లాక్కుని కూర్చుంది. ఉదయం నుంచి అచ్చాయమ్మ అన్న ఒక్కో మాటా ఇప్పుడు వేరే అర్థంతో చెవిలో పడింది. రెండువందల నలభై కిలోమీటర్లు పోయి తెచ్చిన సరుకు, డిసెంబరు, తన్మయి పరీక్షలు. గట్టిగా అరవాలని నోరు తెరిచింది. ఎదురుగా అచ్చాయమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచీరలో, పొయ్యి సెగకు కందిన మొహంతో, మెచ్చుకుంటుందని చూస్తూ నిలబడి ఉంది.

"అచ్చాయమ్మా, ఆ వచ్చేది లూకాగారు కాదు. ఆయన ఆఫీసు పెద్ద. ఇది వాళ్ళ దేశంలో సాయంత్రం తినే ఫలహారం."

అచ్చాయమ్మ పలక మీది తెల్లగుడ్డ అంచు సర్దింది. "అయితే మీరు మాలో కలవలేదాండీ?"

"లేదు."

"నేనే తప్పు చేశానండి. జీతంలో పట్టుకోండి."

"నోర్ముయ్యి. జీతమేంటి" అంది కామాక్షి. గొంతు ఆవిడ అనుకున్నంత కటువుగా రాలేదు.

"ఇంకో సంగతండి" అంది అచ్చాయమ్మ తల దించుకుని. "బ్రదర్‌గార్ని పిలిచేశానండి."

తలుపు గంట మోగింది.

ప్రసన్నకుమార్ ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో అరటిపళ్ళ అత్తంతో నిలబడి ఉన్నాడు. వెనక తెల్లచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు నలుగురు. వాళ్ళను గుమ్మంలోంచి తిప్పి పంపడం కామాక్షి చేతకాలేదు. సోఫాలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. అచ్చాయమ్మ చెవిలో చెప్పిన మాట విని ప్రసన్నకుమార్ నవ్వి, "పొరపాటు మా వైపుదేనమ్మా. ఎండలో వచ్చాం, అయిదు నిమిషాలు కూర్చుని వెళ్ళిపోతాం" అన్నాడు.

ఆ అయిదు నిమిషాల్లో మూర్తి వచ్చాడు. నూనె మరకల చొక్కాతో గుమ్మంలో ఆగి కొత్త రంగు గోడలు, తెల్లచీరలు, అరటిపళ్ళు వరసగా చూసి, ఇంటి నంబరు సరి చూసుకోవడానికి మళ్ళీ బయటికి నడిచాడు. అక్కడ మెట్ల మీద మరో పదిహేను మంది ఉన్నారు. అందరి చేతుల్లోనూ కాగితాలు. ముందు వరసలో మూడో అంతస్తు లచ్చన్న.

"మూర్తి సాబ్, లిఫ్టు ఎనిమిది నెలల సంది నడుస్తలేదు. మీరే జర చెప్పాలె."

"ఎవరికి?"

"ఇంకెవరికి, బోర్డుకు!"

మూర్తి చెక్క పలకకు లిఫ్టు గురించి ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాడు. జనంలోంచి మంగాదేవి ముందుకొచ్చి, "నేనెవ్వరికి చెప్పలే అక్కా, ఒక్క ఆయనకే చెప్పిన" అని లోపల ఉన్న కామాక్షికి వినపడేలా అంది. "ఆయన ఆఫీసుల చెప్పిండు, అంతే."

ఖాజా, రంగు, ఏసీ అన్నీ ఒక్కసారి కామాక్షికి అర్థమయ్యాయి. భర్త పలుకుబడి మీద పొద్దున కలిగిన గౌరవాన్ని వెంటనే ఉపసంహరించుకుంది. జరిగినదంతా రెండు వాక్యాల్లో చెప్పేసరికి మూర్తి గోడకు ఆనుకున్నాడు. రంగు ఇంకా ఆరలేదు.

ఆరుకు పది నిమిషాలుండగా శశాంక్ టై కట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. "అన్నా, మేడం మరియం బయలుదేరిన్రు. బోర్డుల అందరికన్నా గట్టి మనిషి. నలుగురు వస్తరనుకున్న గాని ఆమె ఒక్కతే వస్తున్నది. మీరు పిలిచిన్రని నేనే ప్రోగ్రాంల ఎక్కిచ్చిన."

"నేను పిలవలేదు, శశాంక్" అన్నాడు మూర్తి.

శశాంక్ ఆ మాట వినే స్థితిలో లేడు. ఒక్కొక్క గది తొంగి చూస్తున్నాడు. "ఇంకొక్క మాటన్నా. కంపెనీ క్వార్టర్లల్ల మందు ఉండొద్దని కాంట్రాక్టుల రూలున్నది, ఎవ్వరూ చదవరనుకో. పోయినేడు ఇట్లనే చూసి ఒకాయన్ని వారంల ఇంటికి పంపిన్రు. మీ ఇంట్ల అసుంటిదేం లేదు గదా?"

మూర్తి వంటింటి వైపు చూశాడు. రెండు సీసాలు, ఫ్రెంచి అట్టలతో సహా, పలక పక్కన దర్జాగా నిలబడి ఉన్నాయి.

"లేదు" అంది కామాక్షి. "కావాలంటే వాసన చూసుకో."

సీసాల్లో రసం జగ్గులోకి మారింది. సీసాలు బీరువాలో పట్టుచీరల మధ్యకు చేరాయి. జగ్గు పలక పక్కన పెట్టేటప్పుడు కామాక్షి అచ్చాయమ్మ భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసింది. ఎందుకో అచ్చాయమ్మకు అర్థం కాలేదుగాని, గ్లాసులు తుడిచి వరసగా పెట్టింది.

సరిగ్గా ఆరింటికి లూక్ వచ్చాడు. పొడవాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో గోధుమరంగు కాగితం సంచీ. మెట్ల మీద జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. మూర్తి ఆహ్వానం ఇంత ఘనంగా ఉంటుందని అతను ఊహించలేదు. గుమ్మం దాటుతూ సంచీ సగం పైకి తీశాడు. అందులోంచి సీసా మెడ కనబడింది. "మా ఊరి తోటలోది, మూర్తీ" అని అతను ఇంగ్లీషులో మొదలుపెట్టాడో లేదో, వెనక నుంచి శశాంక్ గొంతు వినిపించింది: "దిస్ వే, మేడం మరియం!"

లూక్ వెనక్కి తిరిగి చూశాడు. అబుదాబి హెడ్డాఫీసులో తనను ఇంటర్వ్యూ చేసి, ఆరు నెలలు చూశాకే ఉద్యోగం ఖాయం చేస్తానన్న మనిషి నల్ల అబాయాలో ఎదురుగా నిలబడి ఉంది. సీసా మెడ సంచీలోకి, సంచీ చంకలోకి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత గంటా పది నిమిషాల పాటు లూక్ ఎడమ చెయ్యి కదపలేదు.

మరియం హాలు మధ్యలో నిలబడి అంతా కలయజూసింది. ఏసీ గాలికి చెయ్యి పెట్టింది. గోడ మీద వేలు ఆనించి, వేలికి అంటిన రంగు చూసుకుని శశాంక్ వైపు చూసింది. శశాంక్ కిటికీ వైపు చూశాడు. "రంగు ఎప్పుడు వేశారు?" అంది.

అందరూ మూర్తిని చూశారు. మూర్తికి అబద్ధం ఆడే ఓపిక కూడా మిగల్లేదు. "ఇవాళ మధ్యాహ్నం మేడం. ఏసీ కూడా ఇవాళే బాగు చేశారు. నాలుగు నెలల కిందట చెప్పాం. మీరు వస్తున్నారని తెలిసి చేశారు."

శశాంక్ కళ్ళు మూసుకున్నాడు. మరియం సోఫాలో కూర్చుంది. "మిగిలిన ఇళ్ళ సంగతి?"

దాంతో మెట్ల మీద ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి లోపలికి వచ్చారు. పదిహేను మంది పదిహేను కంప్లైంట్లు ఒకేసారి మొదలుపెట్టారు. గోలలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. అప్పుడు మూర్తి తనకు బాగా చేతనైన పని చేశాడు. ఫ్రిజ్ మీది కాగితం పీకి, వెనక్కి తిప్పి గీతలు గీశాడు. వరస నంబరు, ఇంటి నంబరు, ఫిర్యాదు, ఎన్ని నెలలుగా, బాధ్యులెవరు, ఎప్పటికి. అందరినీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతా చెప్పించాడు. లచ్చన్న లిఫ్టు ఒకటో నంబరు. ఉప్పు నీళ్ళు నాలుగు. స్కూలు బస్సు తొమ్మిది. కంచంలో పెరుగన్నం పూర్తిచేసే శ్రద్ధతో ఆయన వరస పూర్తిచేస్తుంటే, కామాక్షి పలక పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళింది.

మరియం ఒక ఖర్జూరం, చపాతీ ముక్క మీద చీజు పెట్టుకుని తిన్నది. రసం తాగి గ్లాసు వైపు చూసింది. "ఎవరు చేశారిది?"

కామాక్షి అచ్చాయమ్మను ముందుకు నెట్టింది. మరియం రెండో గ్లాసు అడిగింది.

వరసలో చివర ప్రసన్నకుమార్ బృందం మిగిలింది. వెళ్ళడానికి దారి లేక వాళ్ళు కూడా వరసలోనే ఇరుక్కున్నారు. "మీ ఫిర్యాదు?" అని మరియం అడిగితే తన్మయి తెలుగులో చెప్పింది. ప్రసన్నకుమార్ ఆలోచించాడు. "మాకేం లేదమ్మా. అందరూ బాగుండాలి. అంతే." తన్మయి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. మూర్తి అది కూడా పదహారో నంబరుగా రాసి, బాధ్యుల గడి ఖాళీగా వదిలేశాడు.

మరియం ఆ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని వెళ్ళాక, మూర్తి ఇల్లు నెమ్మదిగా ఖాళీ అయింది. లూక్ మాత్రం మిగిలాడు. పలక మీద మిగిలిన రెండు చపాతీ ముక్కలనూ, జగ్గు అడుగున ఉన్న రసాన్నీ చూశాడు. రసం గ్లాసులో పోసుకుని, అలవాటు కొద్దీ గిర్రున తిప్పి, వాసన చూసి తాగాడు.

"మూర్తీ," అన్నాడు మెల్లగా, "ఆవిడ వస్తుందని నీకు ముందే తెలుసా?"

మూర్తి భార్య వైపు చూశాడు. కామాక్షి తల ఏ వైపూ కదపలేదు.

"నేను వైను అడిగాను. నువ్వు ద్రాక్షరసం పెట్టావు. పెట్టకపోయి ఉంటే రేపు మనిద్దరం ఒకే విమానంలో ఉండేవాళ్ళం" అన్నాడు లూక్. కుడి చేత్తో మూర్తి చెయ్యి గట్టిగా ఊపి, ఎడమ చెయ్యి చంకకు అలాగే అదిమిపెట్టుకుని మెట్లు దిగాడు.

తలుపు వేశాక మూర్తి ఖాళీ జగ్గు వంటింట్లో పెట్టి వచ్చాడు. "నిజం చెప్పాల్సిందంటావా?" అన్నాడు.

"ఏది నిజమో మీకు తెలిస్తే చెప్పండి" అంది కామాక్షి. "ముందు ఆ చొక్కా విప్పండి, వీపంతా రంగే."

పది రోజుల తర్వాత మూర్తికి కొత్త కాంట్రాక్టు చేతికొచ్చింది. ఇంకో రెండేళ్ళు. తన్మయి కాగితం చివరిదాకా చదవకుండానే గెంతులేసింది. కామాక్షి మాత్రం చివరిదాకా చదివింది. బోర్డు ఆదేశం మేరకు కాలనీ నివాసుల ఫిర్యాదులన్నీ ఇక మీదట మూర్తిగారే స్వీకరించాలనీ, ప్రతి శనివారం పదింటి నుంచి ఆరింటి దాకా రెండువందల నాలుగో ఇంట్లో ఆయన అందరికీ అందుబాటులో ఉండాలనీ రెండో పేజీలో ఉంది. వచ్చేవాళ్ళకు టీ ఎవరు పెట్టాలో మాత్రం రాయలేదు.